పాపకి ఏడేళ్ళే, అప్పుడే తెల్ల వెంట్రుకలు. పరీక్షలు చేయించాలా, వదిలేయాలా?

రెండో తరగతి పాప అమ్మ:

మా పాపకి మొన్ననే ఏడేళ్ళు నిండాయి. పోయిన నెలలో ఒక ఆదివారం తలస్నానం చేయించి, కిటికీ పక్కన కూర్చోబెట్టుకుని చిక్కు తీస్తుంటే నడినెత్తికి కాస్త వెనక ఏదో తళుక్కుమంది. తువ్వాలు పోగేమో అనుకుని లాగాను. "అమ్మా, నొప్పి!" అని అరిచింది. పోగు కాదు, వెంట్రుకే. మొదలు నుంచి చివరి దాకా తెలుపు.

ఆ పూట నాలుగు దొరికాయి. తర్వాత నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. రోజూ జడ వేసే వంకతో పాయ పాయ విడదీసి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. దాని పాత నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకున్నాను కూడా. ఆదివారం 11. బుధవారం 9. రెండు తగ్గాయని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. మళ్ళీ ఆదివారం 14. తగ్గిందీ లేదు, ఏమీ లేదు, బుధవారం నాకు కనపడలేదంతే.

ఇంట్లో తలా ఒక మాట. మా అత్తగారు "మా వంశంలో ఎవరికీ బాలనెరుపు లేదు" అని తేల్చేశారు. అంటే లోపం నా వైపుదని. ఆవిడ కొడుక్కి పాతికేళ్ళు రాకముందే చెవుల పక్కన నెరిసింది. మా పెళ్ళి ఫోటోల్లో ఉన్న నలుపు సీసాలోదని పెళ్ళయిన ఆరు నెలలకి గానీ నాకు తెలియలేదు! మా అమ్మేమో అంతా ఫోన్ చూడటం వల్లే అంటుంది. మా వారు "జుట్టే కదా, జ్వరం కాదు కదా" అని ఊరుకున్నారు. నాకు మాత్రం టెన్షన్ తగ్గట్లేదు.

అసలు సంగతి ఇంకోటి. పోయిన వారం బడిలో వెనక బెంచీ పిల్ల "నీకు ముసలి వెంట్రుకలున్నాయి" అందట. ఇంటికొచ్చి నాకేమీ చెప్పలేదు. సాయంత్రం చూస్తే, బొమ్మలు కత్తిరించుకునే చిన్న కత్తెరతో నుదుటి మీద జుట్టు ఇంత కత్తిరించేసుకుంది. ఏరి చూశాను, అందులో తెల్లది ఒక్కటే, మిగతావన్నీ నల్లవే. రాత్రి పడుకోబోతూ "నేను నీకంటే ముందే ముసలిదాన్నయిపోతానా అమ్మా?" అని అడిగింది. ఇప్పుడు నేను దువ్వెన పట్టుకుంటే చాలు, రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుంటోంది.

మిగతా వివరాలు కూడా చెప్తాను. మనిషి సన్నగా ఉంటుంది. మేం పూర్తి శాకాహారులం. పాలు వాసనంటూ ఏడాదిన్నర కిందట మానేసింది, పెరుగు కూడా ముట్టదు. ఈ మధ్య మెట్లెక్కితే ఎత్తుకోమంటోంది, గారాబం అనుకున్నాను. ఎవరో చెబితే జుట్టుకి మంచిదని బయోటిన్ చప్పరింపు బిళ్ళలు రెండు వారాలుగా ఇస్తున్నాను.

ఇది దేనికైనా సూచనా? ఏ పరీక్షలు చేయించాలి? కనపడినవి పీకేయనా? పీకితే పది వస్తాయంటారు, నిజమేనా? పిల్లలకి వేసే రంగు ఏదైనా ఉందా? ఇలాంటిది ఎదురైనవాళ్ళు దయచేసి చెప్పండి.

తొమ్మిదేళ్ళకే నెరిసినవాడు:

చెల్లెమ్మా, నాకిప్పుడు నలభై ఆరు. నాకు మొదటి తెల్ల వెంట్రుక తొమ్మిదో ఏట వచ్చింది. పదో తరగతి గ్రూపు ఫోటోలో నన్ను చూపించి మా చిన్నవాడు "ఈ మాస్టారు పిల్లల వరసలో ఎందుకు నిలబడ్డారు నాన్నా?" అని అడిగాడు. మా నాన్నకి పన్నెండు, మా మేనత్తకి పదిహేను. మాకిది ఆస్తిలాగా వచ్చింది, పంచుకున్నాం. పరీక్షలన్నీ చేయించారు, ఏమీ తేలలేదు. మనిషిని బానే ఉన్నాను, పోయినేడాది సగం మారథాన్ కూడా పరిగెత్తాను.

పీకడం గురించి అడిగావు కదా, అందులో నేను అనుభవజ్ఞుణ్ణి. ప్రతి ఆదివారం మా అక్క నన్ను ముందు కూర్చోబెట్టుకుని పట్టకారుతో పీకేది. ఒకటి పీకితే పది వస్తాయన్నది ఉత్త మాట. ఏ వెంట్రుక కుదురు దానిదే, ఒకదాన్ని లాగితే పక్కది తెల్లబడదు. పక్కనున్నవి ఎలాగూ ఆ యేడు తెల్లబడేవే, మనం పీకినదాని మీదికి నెడతాం. కానీ పీకడం వల్ల నష్టం లేదని కాదు. ఎడమ చెవి పైన ఒకే చోట పీకీ పీకీ సెగ్గడ్డల్లాంటివి లేచి చీము పట్టాయి. ఇప్పటికీ అక్కడ బొటనవేలి గోరంత మేర జుట్టు పల్చగానే ఉంటుంది. తెల్ల జుట్టు ఉన్న చోట అసలు జుట్టే లేకుండా చేసుకున్నామన్నమాట. మరీ ఎదురుగా కనిపించేది ఒకటీ అరా ఉంటే కుదురు దగ్గరికి కత్తిరించు, లాగకు.

రంగు సంగతి ఇంకా పెద్ద కథ. పదిహేనేళ్ళకి బంధువుల పెళ్ళని నల్ల రంగు వేశారు. మర్నాడు లేచేసరికి కళ్ళు తెరవడానికి రాలేదు, రెప్పలు అంత వాచాయి. చెవుల వెనక రసి. డాక్టరు చెప్పిన పేరు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: పారాఫినైలిన్‌డయమిన్. చాలా శాశ్వత రంగుల్లో నలుపు వచ్చేది దీని వల్లే. "ఒకసారి ఒంటికి పడదని తేలితే ఇక జన్మలో పడదు" అన్నారు ఆయన. నాలుగైదేళ్ళ కిందట సరదాకి చేతి మీద నల్ల బొమ్మ వేయించుకుంటే అందులోనూ అదే ఉన్నట్టుంది, బొమ్మ ఎంత ఉందో బొబ్బ అంత లేచింది. యూరప్‌లో ఇలాంటి డబ్బాల మీద పదహారేళ్ళలోపు వాళ్ళకి కాదని రాసి తీరాలి. ఏడేళ్ళ పిల్లకి ఆ ఆలోచనే వద్దు.

ఇంకొక్క మాట. బడిలో నన్ను "తాతా" అని పిలిచేవాళ్ళు. పిలిచినవాళ్ళలో సగం మంది పేర్లు మర్చిపోయాను. కానీ మా అమ్మ నా తల వైపు చూసి నాలుకతో చేసే "చ్చొచ్చొ" అనే చప్పుడు మాత్రం ఇప్పుడు కూడా వినిపిస్తుంది. ఆవిడ ప్రేమతోనే చేసేది పాపం. ఆ నోట్‌బుక్ ఎక్కడైనా దాచెయ్.

చర్మవైద్యురాలు:

పిల్లని చూడకుండా జబ్బు పేరు చెప్పలేను. ఏం చూసుకోవాలో, ఏం అడగాలో మాత్రం చెప్తాను.

ముందు మీ పోస్టులో ఉన్న ఒక వాక్యం గురించి. "మొదలు నుంచి చివరి దాకా తెలుపు" అని రాశారు. అది చాలా ముఖ్యమైన సంగతి. బయటికి కనిపించే వెంట్రుక ప్రాణం లేని పోగు. దానికి రంగు పడేది చర్మం లోపల, కుదుళ్ళలో. అక్కడ మెలనోసైట్లనే కణాలు మెలనిన్ తయారుచేసి, పెరుగుతున్న వెంట్రుకకి అందిస్తుంటాయి. అందించడం ఆగితే ఆ రోజు నుంచి పెరిగే భాగం తెల్లగా వస్తుంది. అప్పటికే బయటికి వచ్చిన భాగం తెల్లబడదు. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కాబట్టి ఒక తెల్ల వెంట్రుకని కత్తిరించి స్కేలు పక్కన పెట్టి చూడండి. ఇరవై సెంటీమీటర్లు ఉంటే కనీసం ఇరవై నెలలుగా అది తెల్లగానే పెరుగుతోందని అర్థం. మీరు పోయిన నెల చూశారు గానీ, మొదలైంది పోయిన నెల కాదు.

ఇక అవి ఎక్కడున్నాయి? తలంతా అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నాయా, లేక ఒకే చోట పాయలా ఉన్నాయా? రెండూ వేర్వేరు కథలు. ఒకే చోట గుత్తిగా ఉంటే ఆ కింద చర్మం కూడా తెల్లగా ఉందేమో వెలుతురులో చూడాలి. బొల్లి కావచ్చు, జుట్టు ఊడిన మచ్చలో మళ్ళీ మొలిచేటప్పుడు మొదట తెల్లగా రావడం కావచ్చు. పుట్టినప్పటి నుంచే ఉంటే జన్యుపరమైనవి ఆలోచిస్తాం. ఒంటి మీద ఆకు ఆకారంలో పాలిపోయిన మచ్చలు, ఎప్పుడైనా ఫిట్స్ రావడం, వినికిడి తగ్గడం లాంటివి ఉంటే తప్పకుండా చెప్పాలి. పుట్టుకతోనే జుట్టంతా వెండి రంగులో ఉండి, మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్లు వచ్చే పిల్లల సంగతి పూర్తిగా వేరు, అది చాలా అరుదు. మీ వర్ణన దానికి దగ్గరగా లేదు.

తలంతా చెదురుమదురుగా ఉంటే, మిగతా అన్నివిధాలా పిల్ల బాగుంటే, ఎక్కువసార్లు తేలేది వంశమే. ఆసియా వాళ్ళలో పాతికేళ్ళ లోపు, తెల్లజాతి వాళ్ళలో ఇరవై లోపు, ఆఫ్రికా వాళ్ళలో ముప్ఫై లోపు నెరిస్తే బాలనెరుపు అంటాం. ఆ లెక్కన మీ వారు ఆ జాబితాలో ఉన్నారు, అత్తగారు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. అయితే ఏడేళ్ళంటే వంశంలో ఉన్నా తొందరే. దానికి తోడు పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం ఏదీ తినని పిల్ల, మెట్లెక్కితే ఆయాసం. ఇక్కడ నేను వంశం అని సరిపెట్టుకోను, బి12 చూస్తాను.

ఈ విటమిన్ మొక్కల్లో ఉండదు. నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకి రోజుకి కావలసింది 1.2 మైక్రోగ్రాములే, కానీ ఆ కాస్త ఎక్కడి నుంచో ఒకచోట నుంచి రావాలి కదా. లోపం వల్ల జుట్టు తెల్లబడటం, విటమిన్ ఇచ్చాక తిరిగి రంగు రావడం 1986లోనే చర్మవైద్య పత్రికలో అచ్చయింది. వింతేమిటంటే ఇదే లోపం జుట్టుని తెలుపు చేస్తూ చర్మాన్ని నలుపు చేస్తుంది. పాప చేతివేళ్ళ గణుపులు చూడండి. పైవైపు, వేలు మడిచినప్పుడు ఎత్తుగా వచ్చే చోట. నాలుక నున్నగా ఎర్రగా ఉందా? అరికాళ్ళు చురుక్కుమంటున్నాయని ఎప్పుడైనా అందా?

పరీక్షలు ఒక్క రక్తం సాంపిల్‌తో అయిపోతాయి: సీబీసీ (రక్తకణాల లెక్క), బి12, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్. విటమిన్ డి కూడా చూడొచ్చు. బి12 మామూలుగా మిల్లీలీటరుకి 200 పికోగ్రాముల లోపుంటే లోపమే. 200, 300 మధ్య ఉంటే పిల్లని బట్టి ఆలోచిస్తాం. సీబీసీలో ఎంసీవీ (ఎర్రకణాల సగటు సైజు) మామూలుగా ఉందని బి12 బాగుందనుకోవద్దు. బి12 తగ్గితే ఎర్రకణాలు పెద్దవవుతాయి, ఐరన్ తగ్గితే చిన్నవవుతాయి, రెండూ తగ్గితే సగటు మధ్యలోకి వచ్చి కాగితం మీద అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

బయోటిన్ బిళ్ళలు ఇవాళే ఆపేయండి. అవి తెల్ల జుట్టుకి చేసేదేమీ లేదు, పైగా థైరాయిడ్ పరీక్షని తప్పుదారి పట్టిస్తాయి. ప్రయోగశాల పరీక్షల మీద బయోటిన్ ప్రభావం గురించి అమెరికా ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరిక కూడా ఇచ్చింది. రక్తం ఇచ్చేటప్పుడు ఏమేం వాడారో చెప్పండి.

ఫోన్ వల్ల జుట్టు నెరవదు. అమ్మగారికి ఫోన్ తగ్గించడానికి వేరే కారణాలు చాలానే దొరుకుతాయి.

తెల్ల పాయ అబ్బాయి అమ్మ:

మా బాబుకి పుట్టినప్పుడే నుదుటి పైన మధ్యలో తెల్ల పాయ. కింద నుదుటి మీద కూడా ముక్కోణంలా తెల్లటి చర్మం, మోకాలి కింద ఇంకోటి. పైబాల్డిజం అన్నారు. వినికిడి పరీక్ష చేయించమన్నారు. వార్డెన్‌బర్గ్ అని 1951లో ఒక డచ్ కంటి డాక్టరు వివరించిన జబ్బుందట, అందులోనూ ఇలాంటి పాయే ఉండి చెవుడు, కళ్ళ రంగులో తేడా ఉండొచ్చట. మావాడికి వినికిడి బాగుంది. ఆ మచ్చలు పెరగవు, పాకవు. ఎండలో ఆ చర్మం తొందరగా కమిలిపోతుంది, అది ఒక్కటే జాగ్రత్త. తర్వాత పాత ఫోటోలు తీస్తే మా మామగారు ప్రతి ఫోటోలోనూ టోపీతో ఉన్నారు. అప్పుడు అర్థమైంది ఆ టోపీ ఎందుకో. మీ పాపది ఇలాంటిది కాదనుకుంటా, ఎవరికైనా పనికొస్తుందని రాశాను.

అనుభవంతో చెప్తున్నా:

ఇంత అవసరం లేదండీ. గుండు చేయించి రోజూ నూనె మర్దన చేయండి. మూడు నెలల్లో నల్లగా ఒత్తుగా వస్తుంది. మా అన్న కూతురికి అలాగే వచ్చింది.

చర్మవైద్యురాలు:

కత్తి పనిచేసేది చర్మం పైన. రంగు తయారయ్యేది చర్మం కింద మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతులో. అక్కడున్న కణాలకి పైన గుండు జరిగిందని తెలియనే తెలియదు. గుండు తర్వాత వెంట్రుక మొన తెగి మొద్దుగా ఉంటుంది కాబట్టి ఒత్తుగా అనిపిస్తుంది. నూనె తడికి జుట్టు కాస్త ముదురుగా కనిపిస్తుంది, కడిగితే మామూలే. మీ అన్నగారి అమ్మాయికి నల్లబడినందుకు సంతోషం. కానీ తెల్ల వెంట్రుకలకే ఇంత బాధపడుతున్న పిల్లని గుండుతో బడికి పంపమని నేను చెప్పలేను.

రెండో తరగతి పాప అమ్మ: *(మూడు వారాల తర్వాత)*

అందరికీ చాలా థాంక్స్. ఆలస్యంగా రాస్తున్నాను.

స్కేలు పెట్టి చూశాను. 23 సెంటీమీటర్లు. అంటే దాదాపు రెండేళ్ళు. పాలు మానేసింది ఏడాదిన్నర కిందట కదా అని లెక్క కుదుర్చుకోబోయాను, కుదరలేదు. అప్పుడు గుర్తొచ్చింది, మానేయడానికి ముందు కూడా గ్లాసులో సగం సింకులో పోసేసేది. కడుపులో ఉన్నప్పుడు నాకూ రక్తం తక్కువుందనే అన్నారు. అందుకే నేను కూడా పరీక్ష చేయించుకున్నాను. నా బి12 188.

పాపది 142. హిమోగ్లోబిన్ 10.6, ఈ వయసుకి కనీసం 11.5 ఉండాలట. ఫెరిటిన్ 9. టీఎస్‌హెచ్ బాగానే ఉంది. మీరు చెప్పినట్టే ఎంసీవీ మాత్రం చక్కగా మామూలుగా ఉంది. ఆ కాగితం ఒక్కటే చూసి ఉంటే ఇంటికొచ్చేసేదాన్ని.

గణుపుల గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను. మీరు రాసింది చదివి నిద్రపోతున్న పిల్ల చెయ్యి తీసి ఫోన్ లైటులో చూశాను. ప్రతి వేలి మడత మీదా బూడిద కలిపిన నలుపు. నాకది కొత్త కాదు. ఆర్నెల్లుగా చూస్తున్నాను. మట్టిలో ఆడి సరిగ్గా కడుక్కోవట్లేదని స్నానాల గదిలో బ్రష్షు పెట్టి తోమేదాన్ని. "పోదమ్మా అది" అని అది చెప్తూనే ఉంది. నేను ఇంకాస్త సబ్బు రాసేదాన్ని.

పిల్లల డాక్టరు ముందు కొన్ని ఇంజెక్షన్లు, తర్వాత మాత్రలు, ఐరన్ సిరప్ రాశారు. జుట్టు నల్లబడుతుందా అని అడిగితే "ముందు పిల్ల మెట్లెక్కనివ్వండి" అన్నారు. మీరేమంటారు?

చర్మవైద్యురాలు:

ఆయన సరిగ్గా చెప్పారు. ముందు ఓపిక వస్తుంది, తర్వాత గణుపులు తేలికపడతాయి, అన్నిటికంటే చివర జుట్టు. అది కూడా అన్నీ మారవు. లోపం వల్ల తెల్లబడినవి కొన్ని మారొచ్చు, నాన్నగారి వైపు నుంచి వచ్చినవి అలాగే ఉంటాయి. రెండూ ఒకే తల మీద ఉన్నప్పుడు ఏది ఎవరిదో ముందే చెప్పే పరీక్ష ఏదీ లేదు. వంశంతో వచ్చిన తెలుపుని వెనక్కి తిప్పుతుందని నమ్మకంగా చెప్పగలిగిన మందు కూడా లేదు. కాల్షియం పాంటోథినేట్ మాత్రలు చాలామంది రాస్తారు గానీ దానికి ఆధారాలు బలంగా లేవు.

ఇది చదివే మిగతావాళ్ళకి: ఈ పాపకి ఇచ్చిన మోతాదు అడిగి మీ పిల్లలకి వాడకండి. ఫోలిక్ యాసిడ్ ఒక్కటీ కొని ఇవ్వడం అసలు వద్దు. బి12 లోపం ఉన్నప్పుడు అది రక్తాన్ని బాగుచేసినట్టు చూపిస్తుంది, నరాలకి జరిగే నష్టం మాత్రం లోపల జరుగుతూనే ఉంటుంది.

బ్రష్షు సంగతి వదిలేయండి. ఆ గణుపులు చూసి సబ్బు మార్చామని చెప్పే తల్లులు నా దగ్గరికి చాలామందే వస్తారు.

తొమ్మిదేళ్ళకే నెరిసినవాడు:

చెల్లెమ్మా, నోట్‌బుక్?

రెండో తరగతి పాప అమ్మ:

దాచాను అన్నయ్యా. రెండు సార్లు తీశాను. మళ్ళీ దాచాను.

రెండో తరగతి పాప అమ్మ: *(తొమ్మిది నెలల తర్వాత. ఇప్పుడు మూడో తరగతి)*

పాత పోస్టు వెతుక్కుని వచ్చాను.

రెండో నెలకే ఎత్తుకోమనడం మానేసింది. గణుపులు మూడో నెలలో మొదలై ఐదో నెలకి పూర్తిగా తేటపడ్డాయి. జుట్టు గురించి నేను ఆశ వదిలేసుకున్నాను, నిజంగానే. పోయిన వారం జడ వేస్తుంటే దువ్వెనకి ఒక వెంట్రుక ఊడి వచ్చింది. తెల్లదే అనుకుని పారేయబోయాను. కుదురు వైపు నల్లగా ఉంది. తెల్ల కాగితం మీద పెడితే పై భాగం మాయమైపోయింది, నా నల్ల చున్నీ మీద పెడితే కింది భాగం మాయమైంది. మధ్యలో ఒక వేలి వెడల్పు మేర అటూ ఇటూ కాని గోధుమ రంగు. నల్ల భాగం కొలిస్తే ఐదు సెంటీమీటర్లు. అంటే మందు మొదలుపెట్టిన నాలుగు నెలలకి రంగు తిరిగి వచ్చిందన్నమాట. డాక్టరమ్మ గారి లెక్క నాకు అలవాటైపోయింది.

అన్నీ అలా కాదు. చెవుల పైన ఉన్నవి పూర్తి తెల్లగానే ఉన్నాయి, కొత్తవి కూడా రెండో మూడో వచ్చినట్టున్నాయి. మా వారికి మొదలైన చోటే. అత్తగారు ఈ మధ్య ఆ చోటు చూసి ఏమీ అనట్లేదు.

అన్నట్టు, పారాఫినైలిన్‌డయమిన్ కథ మా వారికి చదివి వినిపించాను. రెండేళ్ళుగా రంగు వేసిన మర్నాడల్లా ఆయన మెడ వెనక దురద. చుండ్రు అనుకుంటూ షాంపూలు మార్చేవారు. ఆరు నెలల కిందట రంగు మానేశారు, దురద పోయింది. ఇప్పుడు సగం తెలుపు. మొదట్లో నాకే కొత్తగా ఉండేది, ఇంట్లో ఎవరో పెద్దాయన తిరుగుతున్నట్టు.

నోట్‌బుక్ మాత్రం పాపకి దొరికిపోయింది. "ఇవి ఎవరి మార్కులమ్మా? 11, 9, 14?" అని అడిగింది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు, నీ తెల్ల వెంట్రుకల లెక్క అన్నాను. కాసేపు ఆలోచించి, పెన్సిలు తీసుకుని వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళి ఆయన్ని కింద కూర్చోమంది. అరవై దాటాక లెక్క తప్పింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఆయనకి భోజనం చల్లారిపోయింది.

డాక్టరమ్మ గారూ, ఒక్క ప్రశ్న. బి12 ఇప్పుడు 510 ఉంది. మాత్ర ఆపేయొచ్చా? పాలు ఇప్పటికీ తాగట్లేదు.

చర్మవైద్యురాలు:

510 ఉన్నది మాత్ర వల్లే. మీ అంతట మీరు ఆపకండి. తిండిలోంచి బి12 రానంత కాలం మాత్రో, బి12 కలిపిన ఆహారమో ఏదో ఒకటి ఉండాలి. రోజువారీ చిన్న మోతాదుకి తగ్గించొచ్చేమో పిల్లల డాక్టరుని అడగండి, ఆరు నెలలకి మళ్ళీ పరీక్ష. మీ 188 ఎంత దాకా వచ్చింది? దాని గురించి ఏమీ రాయలేదు.